సప్పుడు కాని సీసా

కర్నూలు పెద్దాసుపత్రి గేటు దగ్గర టీ కొట్టాయనను హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడని అడిగాను. దారి చెప్పి, నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపు నేను దులిపేసుకోగలను. ఒంటి మీద దాడి జరిగిన మర్నాడు వచ్చిన ఆడపిల్ల?

లోపల కౌన్సెలరమ్మ గంటల లెక్కతో మొదలుపెట్టింది. లైంగిక దాడిలో హెచ్‌ఐవీ సోకే అవకాశముంటే 72 గంటల్లోపు మందు పడాలి, రెండు గంటల్లో పడితే మరీ మేలు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకొకటి, 28 రోజులు. రక్తం తీస్తారు గానీ, ఫలితం వచ్చేదాకా మొదటి మాత్ర ఆపరు. మళ్లీ ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు పరీక్ష.

మూడు రోజులంటే చాలా అనిపిస్తుంది. కోసిగి, ఆదోని పల్లెల నుంచి మిరపకోతకు గుంటూరు పోయినవాళ్లను తలుచుకోండి. చేలగట్ల మీద గుడారాల్లో కాపురం. అక్కడేమన్నా జరిగితే మేస్త్రీకి చెప్పాలా, మొగునికి చెప్పాలా అనుకునేలోపే రెండు రాత్రులు గడుస్తాయి. ఊరికొచ్చి పెద్దమనుషులు కూర్చుంటే మూడోది కూడా. నిజానికి ఊరిదాకా రానక్కర్లేదు, గుంటూరులోనే మొదటి మాత్ర వేసుకోవచ్చు.

కేసు కట్టాకే వైద్యమని నేనూ అనుకునేదాన్ని. 2013లోనే చట్టం మారింది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 397వ సెక్షన్: సర్కారుదైనా ప్రైవేటుదైనా ఏ ఆసుపత్రైనా వెంటనే, ఉచితంగా చూడాల్సిందే. చూడకపోతే ఏడాది దాకా జైలు. పోలీసులకు కబురు పెట్టడం ఆసుపత్రి పని. ఆమె ఫిర్యాదు రాసిచ్చేదాకా మాత్ర ఆగదు. ఈ ముక్క బస్టాండు గోడల మీద రాయించరెందుకో.

మర్నాడు కడప రిమ్స్. మాత్రలు, గంటలు అవే. ఇక్కడి కౌన్సెలర్ బెంగంతా ఇంటికి పోయాక సంగతి. మొదటి రోజుల్లో కడుపులో తిప్పుతుంది, భయం కాస్త తగ్గాక మాత్ర మానేయబుద్ధవుతుంది. దాడి చేసినవాడు ఆ ఇంటివాడే అయితే మాత్రలు దాచేదెక్కడ? బియ్యం డబ్బాలో పెట్టినా చిక్కే.

"సీసా కదిలిస్తే సప్పుడైతాది గదక్కా. అత్త అడగదా?" అంది.

సొరుగులోంచి 30 మాత్రల తెల్ల సీసా తీసి, మూత తిప్పి, ఇంత దూది కుక్కింది. నా చెవి దగ్గర పెట్టి ఊపింది.