మంచము మోసేవారు ఎందరు?

మా శంషాబాదు ప్రాంతములో విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. సుమారు 5,500 ఎకరాల స్థలము. పొలాలున్న రోజుల్లో ముసలివారి మంచం వాకిట్లో ఉండేది, వచ్చేపోయేవారు పలకరించేవారు. ఇప్పుడు కొడుకు సామాన్లు ఎత్తే పనికి, కోడలు క్లీనింగు పనికి పోతారు. ఒకరు డ్యూటీ దిగేవేళకు ఒకరు ఎక్కుతారు. మంచం లోపలి గదిలోకి పోయింది. ఇరుగుపొరుగు సంగతి వలె వ్రాస్తున్నాము గాని, ఇది మా ఇంటి సంగతే.

మా తల్లిగారికి పక్షవాతము వచ్చి కుడిపక్క పడిపోయి రెండేళ్ళు. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఒత్తిగిలి పడుకోబెట్టాలి, రాత్రులు కూడా. ఆ పనంతా మా ఇంటావిడదే. మేము రోగులున్న ఇండ్లు దర్శించి, తలమీద చేయి ఉంచి ప్రార్థించి, టీ త్రాగి వచ్చేవారము. ఆమె ఆరాధనకు వచ్చి ఏడు నెలలైంది. "అమ్మగారు కనబడటం లేదేమి అయ్యగారూ?" అని విశ్వాసులు అడిగితే, ఇంట్లో పరిచర్య చేస్తున్నదని గొప్పగా చెప్పేవారము.

ఒక రాత్రి గృహకూడిక ముగించుకొని వస్తే, ఆమె వంటింట్లో చీకట్లో నేలమీద కూర్చుని ఉన్నది. "నిద్ర పట్టదు. ఊరికే గుండె దడ. ఇవాళ అత్తమ్మ మీద అరిచాను, ఆమె ఏడ్చింది" అన్నది. "రా, ప్రార్థన చేద్దాము" అన్నాము.

"ప్రార్థన నేను చేస్తూనే ఉన్నానండీ. ఒక్క గంట ఎవరైనా ఆమె దగ్గర కూర్చుంటే చాలు."

మా నోట మాట రాలేదు.

ఆ వారమే అమ్మకు జ్వరము వచ్చి, తికమకగా మాట్లాడసాగింది. మూత్రములో ఇన్ఫెక్షన్ అన్నారు డాక్టరుగారు. నీళ్ళు సరిగా తాగడం లేదా అని అడిగారు. తేరుకున్నాక అమ్మనే అడిగాము. "తాగితే బట్టలు మార్చాలె గదా బిడ్డా. కోడలు సచ్చిపోతున్నది" అన్నది. కోడలికి పని తగ్గాలని దాహము చంపుకున్నది! ఒకే గదిలో ఇద్దరు, ఒకరి కొరకు ఒకరు భయపడుతూ, ఒకరితో ఒకరు చెప్పుకోలేదు.

పక్షవాతము వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరు మానసికంగా కూడా కృంగిపోతారనీ, దానికి మందులున్నాయనీ, చూసుకునేవారికి కూడా చికిత్స అవసరం కావచ్చుననీ డాక్టరుగారు చెప్పారు. విశ్వాసము తక్కువైతేనే దిగులు వస్తుందని మేము ఎన్ని ప్రసంగాల్లో చెప్పామో! చావును కోరుకున్న ఏలీయాకు దూత పెట్టినది రొట్టె, నీళ్ళు. మందలింపు కాదు. అది చదివి కూడా చెప్పాము.

కపెర్నహూములో పక్షవాయువుగలవానిని ఇంటికప్పు విప్పి దింపిన సంగతి మీద కూడా ఎన్నోసార్లు బోధించాము. వారి విశ్వాసమును గూర్చి చెప్పేవారము. మోసినవారు నలుగురు అనే మాట మీద ఎన్నడూ ఆగలేదు. మా ఇంట్లో ఒక్కతే మోస్తున్నది.

తరువాతి ఆదివారము ప్రకటనల సమయములో ఈ సంగతంతా సంఘము ముందు చెప్పాము. సిగ్గుగానే ఉండినది. కూడిక అయ్యాక ముగ్గురు స్త్రీలు వచ్చి వంతులు వేసుకున్నారు. వారిలో ఒకామె రాత్రి డ్యూటీ చేసి వచ్చే మనిషి, వద్దన్నా వినలేదు. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీమానస్‌కు 14416 నంబరు మీద మా ఇంటావిడ ఫోను చేసి తెలుగులోనే మాట్లాడింది. పైసా ఖర్చు లేదు, రాత్రిపూట కూడా పలుకుతారు. వారు చెప్పిన మీదట డాక్టరుకు చూపించుకున్నది. నిద్ర కొంత నయము. ఇంకా ఒక్కోసారి అరుస్తుంది. అమ్మ నీళ్ళు అడిగి తాగుతున్నది.

"అందరి వంతులూ వ్రాశారు గాని, మీ వంతు ఏదండీ?" అని మా ఇంటావిడ చీటీ చేతికిచ్చింది. బుధవారము మాది. బట్టలు మార్చడం వచ్చింది, తల దువ్వడమే ఇంకా సరిగా రాదంటుంది అమ్మ. ఆ రోజు గృహదర్శనాలు లేవు గనుక, ప్రార్థన అవసరమున్నవారు గురువారము కబురు చేయవలెనని మనవి.