అరచేతిలో పగలూ రాత్రీ

హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు పోతే సిద్దిపేట వస్తుంది. ఒకప్పుడు ఇది నైజాము రాజ్యంలోని ఊరు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమయింది. గొల్లభామ బొమ్మ నేసిన చీరలకు ఈ ఊరు పెట్టింది పేరు. ఊళ్ళో కోమటి చెరువు ఉన్నది. సాయంకాలమయ్యేసరికి పిల్లలూ పెద్దలూ చెరువు కట్ట మీదికి షికారు వస్తారు. నీటి మీద వేలాడే వంతెన ఎక్కి, చల్లగాలి పీల్చుకుంటారు.

చీకటి పడే వేళ మీరు ఆ కట్ట మీద నడిస్తే, ఎవరో ఒకరు ఫోనులో ఇలా మాట్లాడుతూ ఉండటం వినవచ్చు:

"బాపూ, తిన్నవా?"

"అప్పుడేనా బిడ్డా? ఇక్కడ ఇంక నాలుగే అయింది. ఎండ కొడుతున్నది!"

ఇక్కడ చీకటి, అక్కడ ఎండ. అయినా ఇద్దరూ ఒకే క్షణాన మాట్లాడుకుంటున్నారు. ఇది మాయా కాదు, మంత్రమూ కాదు. సిద్దిపేట ప్రాంతం నుంచి ఎంతోమంది పొట్టకూటికోసం గల్ఫు దేశాలకు వెళ్ళారు. చదువుకున్న పిల్లలు అమెరికాకూ, ఇంగ్లండుకూ, ఆస్ట్రేలియాకూ వెళ్ళారు. అందుచేత ఒకే కుటుంబం మూడు నాలుగు గడియారాల ప్రకారం బతుకుతున్నది.

ఈ గడియారాలన్నిటినీ ఒకచోట చూపే యాప్ ఇప్పుడు సెల్‌ఫోనులో దొరుకుతుంది. అది తెరిస్తే ప్రపంచ పటం కనిపిస్తుంది. పటంలో కొంత భాగం వెలుగుగానూ, కొంత భాగం నీడగానూ ఉంటుంది. వెలుగు పగలు, నీడ రాత్రి. ఏ ఊరి పేరు మీద వేలు పెడితే ఆ ఊళ్ళో ఎన్ని గంటలయిందో వస్తుంది.

ఉదాహరణకు, డిసెంబరు నెలలో ఒకనాటి సాయంకాలం ఆరున్నర గంటలకు సిద్దిపేటలో ఈ పటం తెరిచామనుకోండి. మన ఊరు అప్పటికే నీడలోకి వెళ్ళిపోయింది. దుబాయిలో అయిదు గంటలు. సౌదీ అరేబియాలోని రియాదులో నాలుగు. ఇంకా పొద్దు గూకలేదు. లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట. అమెరికాలోని డాలస్ నగరంలో ఉదయం ఏడు. తూర్పు అప్పుడే ఎరుపెక్కుతున్నది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో సరిగా అర్ధరాత్రి! ఇవన్నీ ఒకే క్షణం.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవటం కష్టం కాదు. చీకటి గదిలో దీపం వెలిగించి, దాని ఎదట ఒక బత్తాయిపండు పట్టుకోండి. పండులో సగానికే వెలుతురు తగులుతుంది. పండును మెల్లిగా తిప్పండి. చీకట్లో ఉన్న తొక్క వెలుగులోకీ, వెలుగులో ఉన్నది చీకట్లోకీ వస్తుంది. భూమి కూడా ఇంతే. అది పడమటి నుంచి తూర్పుకు తిరుగుతూ, 24 గంటలలో ఒక చుట్టు, అంటే 360 డిగ్రీలు తిరుగుతుంది. కనక గంటకు 15 డిగ్రీలు. ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. ఈ చిన్న లెక్క గుర్తుంచుకోండి, ముందుముందు పనికివస్తుంది.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. 499వ సంవత్సరానికి చెందిన "ఆర్యభటీయం"లో ఆర్యభటుడు భూగోళం చుట్టూ నాలుగు పట్టణాలను ఊహించాడు. లంకలో సూర్యుడు ఉదయించే వేళకు సిద్ధపురంలో అస్తమిస్తాడనీ, యవకోటిలో మధ్యాహ్నమవుతుందనీ, రోమక దేశంలో అర్ధరాత్రి అవుతుందనీ చెప్పాడు. ఈ సిద్ధపురం మన సిద్దిపేట కాదు లెండి! అది లంకకు సరిగా భూమి అవతలి వైపున ఉన్నదని వారు అనుకున్న చోటు. ఇవాళ ఫోను చూపే పటాన్ని ఆర్యభటుడు మనసులోనే చూశాడన్నమాట.

అయితే ఇక్కడొక చిక్కున్నది. సిద్దిపేటలో సరిగా పన్నెండు గంటలకు సూర్యుడు నడినెత్తికి వస్తాడా? సాధారణంగా రాడు. ఎందుకో చూడండి.

మన దేశానికంతకూ గడియారం ఒక్కటే. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీది సూర్యుణ్ణిబట్టి పెట్టినది. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూరు దగ్గరగానూ, మన తెలుగుదేశంలో కాకినాడ, తుని ప్రాంతంలోనూ పోతుంది. సిద్దిపేట దానికి పడమటగా, సుమారు 78.85 డిగ్రీల మీద ఉన్నది. తేడా 3.65 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పద్నాలుగున్నర నిమిషాలు! పాత లెక్కన చెప్పాలంటే అర గడియకు కాస్త ఎక్కువ. కాకినాడవైపు సూర్యుడు నడిమింటికి వచ్చిన తరవాత, సిద్దిపేటవారు అంతసేపు ఆగాలి.

పూర్వం ఈ చిక్కే లేదు. ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. ఎడ్లబండి మీద పోయేవాడికి పావుగంట తేడా ఏం పట్టింది? రైళ్ళు వచ్చిన తరవాత కష్టం వచ్చింది. ప్రతి స్టేషనుకూ దాని గడియారం దానిదే అయితే, రెండు బళ్ళు ఒకే పట్టా మీద ఎదురుపడవచ్చు. అందుచేత మన దేశపు రైళ్ళకు కొంతకాలం మద్రాసు కాలం వాడారు. 1884లో వాషింగ్టన్‌లో అనేక దేశాలవాళ్ళు సమావేశమై, ఇంగ్లండులోని గ్రీనిచ్ గుండా పోయే రేఖను సున్న అన్నారు. 1906 జనవరి 1 నుంచి గ్రీనిచ్ కన్న అయిదున్నర గంటలు ముందుండే కాలం మన దేశమంతటికీ వచ్చింది. అయినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత కాలాన్ని వదలలేదు! సిద్దిపేటకు మాత్రం రైలు 2023 అక్టోబరు 3న గాని రాలేదు. కాని రైళ్ళకోసం పుట్టిన గడియారం రైలుకన్న ఎన్నో ఏళ్ళు ముందే ఆ ఊరు చేరింది.

దీన్నిబట్టి ఫోనులోని యాప్‌కు రెండు రకాల జ్ఞానం అవసరమని తెలుస్తున్నది. ఒకటి సూర్యుణ్ణి గురించినది. యాప్ సూర్యుణ్ణి చూడదు. తేదీ, గంట, ఊరి అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు. సూర్యుడు ఎక్కడుంటాడో లెక్క కట్టేస్తుంది. మబ్బు పట్టినా, ఇంట్లో తలుపులు మూసుకు కూర్చున్నా దాని లెక్క తప్పదు. భూమి ఇరుసు 23½ డిగ్రీలు ఒరిగి ఉన్నది గనక, పటంలో నీడ అంచు ఏడాది పొడుగునా తన ఆకారం మార్చుకుంటూ ఉంటుంది. మార్చిలోనూ సెప్టెంబరులోనూ పగలూ రాత్రీ సమానమైన రోజులలో ఆ అంచు ఉత్తరం నుంచి దక్షిణానికి నిట్టనిలువుగా ఉంటుంది. జూన్‌లోనూ డిసెంబరులోనూ అల మాదిరిగా వంగుతుంది. అందుకే సిద్దిపేటలో పగలు జూన్‌లో 13 గంటలకు కాస్త పైన, డిసెంబరులో సుమారు 11 గంటలు ఉంటుంది. లండన్‌లోనో? జూన్‌లో పదహారున్నర గంటలు, డిసెంబరులో ఎనిమిదికన్న తక్కువ! మన ఊళ్ళో పొద్దుగూకిన ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు చీకటి కమ్ముకుంటుంది. లండన్‌లో జూన్ నెలలో నడిరాత్రి కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు.

రెండో జ్ఞానం మనుషులు చేసుకున్న ఏర్పాట్లను గురించినది. దీన్ని లెక్క కట్టటానికి వీల్లేదు, పట్టికలో చూసుకోవలసిందే. అమెరికాలో చాలా చోట్ల మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుతారు; నవంబరు మొదటి ఆదివారం వెనక్కు తిప్పుతారు. అందుచేత డాలస్‌కూ సిద్దిపేటకూ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు. మన పొరుగున ఉన్న నేపాలు గడియారం మనకన్న పావుగంట ముందుంటుంది. ఇటువంటి నియమాలన్నీ రాసిన పట్టిక ఒకటి ఫోనులో దాగి ఉంటుంది. ఆ పట్టికలో మన దేశకాలానికి కోల్‌కతా పేరు పెట్టారు. సిద్దిపేటలో కూర్చున్న మీ ఫోను "కోల్‌కతా" అని చూపితే, అది దారి తప్పిందనుకోకండి!

సూర్యుడి కాలమూ మనిషి కాలమూ రెండూ కలిసి చేసిన ఒక విచిత్రం చెబుతాను, వినండి. 2024 ఏప్రిల్ 8వ తేదీ అమావాస్య. ఆ రాత్రి 11 గంటల 50 నిమిషాల ప్రాంతంలో అమావాస్య ముగిసి పాడ్యమి వచ్చింది. మర్నాటి సూర్యోదయానికి పాడ్యమి ఉన్నది గనక ఏప్రిల్ 9న క్రోధి నామ సంవత్సర ఉగాది. రాత్రి 12 గంటల 10 నిమిషాల వేళ, పచ్చడి తలుచుకుంటూ సిద్దిపేట పిల్లలు నిద్రపోతున్నారు. సరిగా అదే సమయానికి తెలుగువాళ్ళు ఎందరో నివసించే డాలస్‌లో ఏప్రిల్ 8 మధ్యాహ్నం 1 గంట 40 నిమిషాలు. అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టి, దాదాపు నాలుగు నిమిషాలు పట్టపగలే చీకటి పడింది! చంద్రుడు సూర్యుడి దిక్కుకు చేరటమే గదా అమావాస్య అంటే? ఇక్కడ ఉగాదిని తెచ్చిన చంద్రుడే అక్కడ సూర్యుణ్ణి కప్పాడు. అప్పుడు సూర్యుడు సిద్దిపేటవారి కాళ్ళకింద, భూమికి అవతల ఉన్నాడు కనక ఆ గ్రహణం మనకు కనిపించలేదు.

ఇంత తెలిసిన యాప్‌కు తెలియనిది కూడా ఒకటున్నది. రియాదులో మధ్యాహ్నం నాలుగయిందని అది చెబుతుంది. కాని అక్కడి మీ బాపుది రాత్రి డ్యూటీ అయితే, పటంలో వెలుగున్నా ఆయనకది అర్ధరాత్రే. పన్నెండు గంటలు పనిచేసి వచ్చి నిద్రపోయేవాణ్ణి, "పగలే గదా" అని ఫోను చేసి లేపితే ఎలా ఉంటుంది? ఎండాకాలంలో ఇంకొక సంగతి తెలిసి ఉండాలి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా సౌదీలో పన్నెండు నుంచి మూడు గంటల వరకూ, దుబాయిలో పన్నెండున్నర నుంచి మూడు వరకూ ఎండలో పని చేయించరాదని చట్టం ఉన్నది. మన గడియారం ప్రకారం అది సౌదీకి రెండున్నర నుంచి అయిదున్నర, దుబాయికి రెండు నుంచి నాలుగున్నర. ఆ వేళలో ఆయన మాట్లాడటానికి వీలుంటుందా, లేక కాస్త నడుం వాలుస్తాడా అన్నది యాప్ చెప్పలేదు. ఆయన్నే అడిగి తెలుసుకోవాలి. అడిగి, ఆ గంటలను గోడ మీది క్యాలెండరులో రాసిపెట్టుకున్న పిల్లలే తెలివిగలవాళ్ళు.

ఇక మీరు స్వయంగా చెయ్యదగిన పరీక్ష ఒకటి చెబుతాను. బడి ఆవరణలో చదునైన చోట ఒక కర్రను నిటారుగా పాతండి. మన జ్యోతిశ్శాస్త్రంలో దీన్నే శంకువు అంటారు. పదకొండున్నర నుంచి పన్నెండు ముప్పావు దాకా అయిదేసి నిమిషాల కొకసారి నీడ కొనను గుర్తు పెట్టండి. నీడ అన్నిటికన్న పొట్టిగా ఉన్న క్షణమే మీ ఊరి అసలైన మధ్యాహ్నం. నీడనే చూడాలి, సూర్యుణ్ణి మాత్రం తిన్నగా చూడరాదు, కళ్ళు పోతాయి. సిద్దిపేటలో ఈ క్షణం ఏడాదిలో నవంబరు మొదట 11 గంటల 58 నిమిషాలకూ, ఫిబ్రవరి నడుమ 12 గంటల 29 నిమిషాలకూ వస్తుంది. తక్కిన రోజులలో ఈ రెంటి మధ్యా ఉంటుంది. మే 12 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు 1 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణాన కర్ర నీడ దాని కాళ్ళకిందే మాయమవుతుంది!

రియాదులో ఉన్న మీవాళ్ళకు శుక్రవారం సెలవయితే, అదే రోజున వారిని కూడా ఒక పుల్ల పాతి నీడ చూడమనండి. వారి గడియారంలో వచ్చిన గంటకు రెండున్నర గంటలు కలిపి, అందులోంచి మీ గంట తీసివెయ్యండి. 2 గంటల 9 నిమిషాలకు దగ్గరగా వస్తే మీరిద్దరూ సరిగా కొలిచారన్నమాట. ఆ నిమిషాలను నాలుగు చేత భాగిస్తే 32 డిగ్రీలు చిల్లర వస్తుంది. సిద్దిపేటకూ రియాదుకూ మధ్య భూగోళం మీద ఉన్న రేఖాంశాల ఎడం అదే. ఒకచోట బిడ్డా, ఇంకొకచోట బాపూ చెరొక పుల్ల పట్టుకుని భూమిని కొలవవచ్చునంటే, ఈ శుక్రవారమే ప్రయత్నించరాదూ?