చక్రాల ఇంట్లో చిట్టెలుకలు

డెన్వర్ నగర శివార్లలో మేము స్థిరపడి పదేళ్లు గడిచాయి. వేసవి సెలవులలో పిల్లలతో కొండకోనలు తిరగాలని మూడేళ్ల క్రితం ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాము. వంటగట్టు, పడకలు, స్నానాల గది అన్నీ ఇమిడిన చక్రాల ఇల్లు అది. నమాజు వేళకు ఎక్కడ ఆపితే అక్కడే జానిమాజ్ పరచుకోవచ్చునని సంతోషించాము. నవంబరులో మంచు కురవడం మొదలుకాగానే దానిని ఇంటి పక్కన నిలిపి, తాళం వేసి మరచిపోయాము.

ఏప్రిల్‌లో తలుపు తీయగానే ముక్కుపుటాలదిరే మూత్రపు వాసన ఎదురైంది. సొరుగుల నిండా నల్లని పెంటికలు, దిండు చీల్చిన దూదితో కట్టుకున్న గూడు. జానిమాజ్ అంచు సైతం కొరికివేసి ఉంది. అయితే నేరమంతా ఎలుకలదే అనడానికి మాకు నోరు రాలేదు. సగం వాడిన అటుకుల సంచినీ, బిస్కట్లనూ అలమరలో వదలిపెట్టింది మేమే కదా!

వెంటనే చీపురు అందుకున్నాము. ఎనిమిదేళ్ల మా అబ్బాయి చేట పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. అంతలో పొరుగింటి పెద్దాయన కేకవేసి మమ్మల్ని ఆపారు. గోధుమరంగు వీపు, తెల్లని పొట్ట గల ఇక్కడి 'డీర్ మౌస్' మలమూత్రాలలో హాంటా వైరస్ ఉండవచ్చుననీ, ఊడిస్తే అది ధూళితోపాటు లేచి ఊపిరితిత్తులలోకి చేరుతుందనీ చెప్పారు. 1993లో కొలరాడో, న్యూమెక్సికో, ఆరిజోనా, యూటా రాష్ట్రాలు కలిసే ప్రాంతంలో ఆరోగ్యవంతులైన యువకులు ఊపిరాడక మరణించినప్పుడే ఈ వ్యాధి అక్కడ బయటపడింది. మా దృష్టి చేట పట్టుకున్న ఆ చిన్ని చేతుల మీదికి పోయింది. గుండె ఝల్లుమంది.

పిల్లలను దూరంగా పంపి, తలుపులూ కిటికీలూ తెరిచి అరగంట బయటే వేచి ఉన్నాము. రబ్బరు తొడుగులు ధరించి, ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్ల నీరు కలిపి పెంటికలపై చల్లాము. అయిదు నిమిషాలు నానిన తరువాత కాగితపు తువ్వాళ్లతో తుడిచి, సంచిలో మూటగట్టి పారవేశాము.

ఇక మిగిలిన ఎలుకలకు జిగురు అట్టలు పెట్టాము. మరునాడు ఫజ్ర్ నమాజు తరువాత వెళ్లి చూస్తే, ఒక చిట్టెలుక అతుక్కుపోయి ఇంకా కొట్టుకుంటోంది. రాత్రంతా అలాగే పెనుగులాడి ఉంటుంది. మా వెనుకే వచ్చిన అబ్బాయి, "అబ్బా, దీన్ని ఇంతసేపు ఎందుకు బాధపెట్టారు?" అని అడిగాడు. మా వద్ద జవాబు లేదు. ఇహ్రామ్ స్థితిలో సైతం ఎలుకను చంపే అనుమతి ఉన్నదని మాకు తెలుసు. కాని చంపవలసి వచ్చినప్పుడు కూడా ఉత్తమమైన రీతిలోనే చంపాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారన్న మాట ఆ క్షణంలో గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాము. జిగురు అట్టలన్నీ తీసివేసి, క్షణంలో ప్రాణం పోయే స్ప్రింగు ఉచ్చులు పెట్టాము. విషం జోలికి పోలేదు. విషం తిన్న ఎలుక గోడల సందున చచ్చి కుళ్లుతుంది. దానిని తిన్న గుడ్లగూబలకూ ముప్పే.

అప్పటికి గుంటూరు నుండి వచ్చి మావద్దనే ఉన్న పిల్లల దాదీమా, "దీపం సంగతి చూశారా?" అని అడిగారు. ఎలుక వత్తిని ఈడ్చుకుపోయి ఇల్లు తగలబెట్టవచ్చు గనుక రాత్రివేళ దీపాలు ఆర్పమన్న హదీసును ఆమె చిన్నతనం నుండీ పాటిస్తున్నారు. ఈ బండిలో వత్తులెక్కడివని మేము నవ్వాము. అయినా ఆమె మాట కాదనలేక ఫ్రిజ్ వెనుక పలక విప్పి చూశాము. రెండు తీగల తొడుగులు కొరికివేసి, లోపలి రాగి బయటపడి ఉంది. ఆ వారాంతంలోనే పిల్లలను ఆ బండిలో పడుకోబెట్టి ప్రయాణం సాగించాలనుకున్నాము! అల్‌హమ్దులిల్లాహ్ అనడం తప్ప మాకు మరో మాట రాలేదు.

తీగలు మార్పించాము. చిటికెనవేలు దూరని సందులో నుండి సైతం చిట్టెలుక దూరగలదు. అందుకే బండి కిందకు దూరి, గొట్టాలూ తీగలూ లోపలికి వచ్చే ప్రతి రంధ్రంలో స్టీలు పీచు కూరి మూసివేశాము.

ఇప్పుడు ప్రతి నవంబరులో అలమరలు ఖాళీచేసి, గింజ మిగలకుండా తుడిచే బాధ్యత మా అబ్బాయిదే. బ్యాటరీ స్విచ్ ఆపి తాళం వేసేసరికి గుంటూరు నుండి ఫోను వస్తుంది. "దీపం ఆర్పారా?" అని దాదీమా అడుగుతారు. ఇప్పుడు మేము నవ్వము.