తొంభై సెకన్లు దాటాక

కథ చెప్పడం నాకు చిన్నప్పుడే కూలి ఇచ్చిన పని. అనకాపల్లి వెళ్ళి సినిమా చూసొచ్చినవాడికి మర్నాడు మా సబ్బవరం బడిలో మంచి గిరాకీ. ఫైట్లతో సహా చెప్పేవాణ్ణి. ఫీజు రెండు తేగలు. 1995లో ఈటీవీ మొదలయ్యాక గిరాకీ పడిపోయింది గానీ, ఆ పెట్టెలో దూరి కథలు చెప్పాలనే ఆశ అప్పుడే పుట్టింది.

దూరాను కూడా. పద్నాలుగేళ్ళు ఓ చానల్ ప్రొడక్షన్‌లో పనిచేశాను. టీవీ చాలా నేర్పింది. మొదటి పది సెకన్లలో చూసేవాళ్ళని పట్టుకోవడం, మైకు చూసి బిగుసుకుపోయిన మనిషిని మాటల్లో పెట్టడం. కానీ స్టోరీ నిడివి తొంభై సెకన్లు. అందులో మనిషి ఊరుకున్న ప్రతి క్షణమూ దండగే.

ఆనందపురం–అనకాపల్లి ఆరు వరసల రోడ్డు పనులప్పుడు మా ఊరివైపే షూట్ పడింది. భూమి పోయిన ఓ పెద్దాయన్ని పరిహారం సంగతి అడిగాను. "ఇచ్చారు బాబూ, ముట్టింది" అన్నాడు. చాలాసేపు రోడ్డుకేసి చూశాడు. "మా నుయ్యి అక్కడుండేది" అన్నాడు. టీవీలో వచ్చింది మొదటి ముక్కే. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆయన చెప్పింది అది కాదు.

2021లో ఉద్యోగం మానేశాను. "నెల జీతం వొదిలేసి ఏటి సేస్తావురా?" అంది అమ్మ. రాస్తాను, ఫోటోలు తీస్తానన్నాను. "వాటికి ఎవులిస్తారు డబ్బులు?" ఆ ప్రశ్నకి ఇప్పటికీ సరైన జవాబు లేదు. పెళ్ళి ఫోటోలతో ఇంటి లోను కిస్తీ కడుతున్నాను.

మిగిలిన రోజుల్లో బెల్లం పొయ్యిల దగ్గర తిరుగుతాను. 2022లో మా మండలం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. ఆ కాగితం మార్పు కంటే చెరుకు మళ్ళల్లో లేఅవుట్ రాళ్ళు లేవడమే నాకు పెద్ద మార్పుగా కనిపిస్తుంది. మరుగుతున్న పాకం చుక్కని చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండకట్టి, దించాలో వద్దో చెప్పే మనిషి ఒకాయనున్నాడు. ఆ వేళ్ళ ఫోటో కోసం నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆయన ఆగి ఆలోచించే క్షణం ఫోటోలో నిలిచింది. ఆ విద్య ఎవరు నేర్పారో, తన తరవాత ఎవరికి వస్తుందో ఫోటో చెప్పలేదు. అది రాయాల్సిందే.

నాలుగో రోజు అడిగాడాయన: "ఇది టీవీలో ఎప్పుడొస్తాది?"

"రాదు. టీవీకి కాదు."

"మరయితే తొందరేటి? కూకో" అన్నాడు.