ఈ పూట ఏం కూర?

వంటలో అసలు కష్టం పొయ్యి దగ్గర ఉండదు, "ఈ పూట ఏం కూర?" అన్న దగ్గర ఉంటుంది. మా అమ్మ రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు ఆ ప్రశ్న కూడా నాన్న ముందు పెట్టేది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "ఏదో ఒకటి చెయ్యి" అనేవారు. ఆ ఏదో ఒకటి ఏమిటో తేల్చడం, నిన్నటి కూర మళ్లీ రాకుండా చూడటం, వడలిపోతున్న ఆనపకాయని ముందు వదిలించుకోవడం, తమ్ముడు కాకరకాయ ముట్టడని గుర్తుపెట్టుకోవడం, ఇదంతా ఆవిడ తలలోనే జరిగిపోయేది.

పిల్లలచేత వంటపని చేయించడం మనకేం కొత్త కాదు. చిక్కుళ్లకి ఈనెలు తీశాం, గోంగూర గిల్లాం, కొబ్బరి తురిమాం. ఆడపిల్లలైతే ఇంకా చాలా చేశారు. ఏం వండాలో మాత్రం మమ్మల్ని ఎవరూ అడగలేదు. పని మాది, పెత్తనం పెద్దలది. మెల్‌బోర్న్‌లో మా ఇంట్లో దీన్ని తిరగేసి చూస్తున్నాం. బుధవారం రాత్రి వంటకి పెత్తనం పిల్లలది.

బుధవారమే ఎందుకంటే, మా ఆవిడ నర్సు. ఆ రోజు ఆమెకి మధ్యాహ్నం షిఫ్టు, ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. పెద్దదానికి పదకొండేళ్లు, చిన్నాడికి ఎనిమిది. వారానికొకరి వంతు. ఎవరి వంతయితే వాళ్లు ఏం వండాలో కాగితం మీద రాయాలి, ఇంట్లో ఏమున్నాయో చూసుకోవాలి, లేనివి 20 డాలర్లలో కొనాలి. తరగడం, కలపడం వాళ్లవి. కుక్కరు, కాగే నూనె నావి. రాసింది నేను మార్చకూడదు. ఈ చివరి షరతు దగ్గరే ప్రాణం పోతుంది. పిల్లల చేతికి కత్తి ఇవ్వగలం గానీ పెత్తనం ఇవ్వడం మన వల్ల అంత తేలిగ్గా అయ్యే పని కాదు.

ఇంత ధైర్యం మాకు బడి వల్ల వచ్చింది. స్టెఫనీ అలెగ్జాండర్ అని ఈ ఊళ్లో పేరున్న చెఫ్. 1996లో వచ్చిన ఆవిడ 'ద కుక్స్ కంపానియన్' ఇక్కడ చాలా ఇళ్లలో కనిపించే లావుపాటి పుస్తకం. ఆవిడ 2001లో కాలింగ్‌వుడ్ కాలేజీ అనే ప్రభుత్వ బడిలో పిల్లలచేతే కూరగాయలు పండించి, కోయించి, వండించి, అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి తినిపించే ఏర్పాటు చేశారు. 2004లో దానికో ఫౌండేషన్ కూడా ఏర్పడి, ఆ పద్ధతి దేశంలో మిగతా బడులకీ పాకింది. మా పెద్దదాని బళ్లోనూ అలాంటి తోట ఉంది. కూరగాయని పట్టుకున్న చేతి వేళ్ల కొసలు లోపలికి ముడిచి, కత్తిని కణుపులకి ఆనించి నడపాలని దానికి అక్కడే నేర్పారు. నేను బొటనవేలు చాచి కోస్తుంటే అది కళ్లు మూసుకుంటుంది.

ఆ తోటలోంచే రూబార్బ్ మా ఇంటికొచ్చింది. ఎర్రటి లావు కాడలు. ఇక్కడివాళ్లు వాటిని పంచదారేసి ఉడికించి, పైన పిండీ వెన్నా చల్లి క్రంబుల్ చేసుకుంటారు. మా అమ్మాయి బళ్లో చిన్న పచ్చిముక్క కొరికి చూసిందట. "నాన్నా, ఇది గోంగూర కంటే పులుపు. పప్పులో వేస్తే?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా కాగితం మీద రాసేసింది: రూబార్బ్ పప్పు, టమాటా చారు. ఆకులు విషమని, కాడలే తినాలని టీచరు ముందే చెప్పడంతో ఆకులు అక్కడే తీసేసి తెచ్చింది.

అనుమానం వస్తే నానమ్మే దిక్కు. చలికాలంలో ఇక్కడ సాయంత్రం ఆరంటే తెనాలిలో మధ్యాహ్నం ఒకటిన్నర, అమ్మ భోంచేసి నడుం వాల్చే వేళ. కాడని ఫోను దగ్గర పెట్టమని, కళ్లజోడు సర్దుకుని చూసి, "పులుపంటున్నావు కాబట్టి చుక్కకూర లెక్కే అనుకో. కానీ పప్పుతో పాటు కుక్కర్లో పడెయ్యకే. పులుపు తగిలితే పప్పు ఉడకదు. మెత్తబడ్డాక కలుపు" అంది. తర్వాత మిగతా కాగితం చదివించుకుని, "పప్పూ పులుపే, చారూ పులుపేనా? పక్కన వేపుడన్నా లేకపోతే ఎట్లా తింటారు?" అని అడిగింది. పెద్దది నా మాటయితే అరగంట వాదించేది. నానమ్మ మాటకి చారు కొట్టేసి బంగాళాదుంప వేపుడు రాసింది.

కందిపప్పు విడిగా ఉడికించాం. రూబార్బ్ ముక్కల్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చితో నూనెలో మగ్గనిస్తే, మూత తీసేసరికి ముక్కన్నది లేదు, జారిపోయి గుజ్జయింది. పప్పులో కలిపాక ఆ ఎరుపూ పోయింది. రంగు సంగతి అడక్కండి. ఇంగువ, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పడ్డాక మాత్రం చుక్కకూర పప్పని చెప్పి ఏ గుంటూరు మనిషికైనా వడ్డించొచ్చు. ఇక్కడ ప్రతి ఇంటికీ స్మోక్ అలారం ఉండి తీరాలి, దానికేమో మన పోపంటే పడదు. ఆవాలు చిటపటమనే సమయానికి తువ్వాలు పట్టుకుని దాని కింద నిలబడి విసరడం చిన్నాడి ఉద్యోగం.

మామిడికాయ పప్పు చేసిన రోజు పులుసు పెట్టం. ముద్దపప్పు ఉంటే ఆవకాయ ఉండాల్సిందే. పప్పుచారంటే వేపుడో, కనీసం అప్పడమో. ఇవి నాకెవరూ చెప్పలేదు, తినగా తినగా తెలిశాయి. మా పిల్లలకి పాస్తాలు, టాకోలు, బడి డబ్బాలో శాండ్‌విచ్‌లు పోగా అలాంటి భోజనం వారానికి ఏ రెండు పూటలో. తిని తెలుసుకోవాలంటే వాళ్లకి నలభై ఏళ్లొస్తాయి. నోటితో చెబితే వినరు. కాగితం వాళ్లదైతే మాత్రం వాళ్లే అడుగుతారు.

డబ్బు సంగతీ అంతే. జూలైలో చిన్నాడు బెండకాయ వేపుడు రాశాడు. ఆ చలిలో మెల్‌బోర్న్‌కి బెండకాయ ఎక్కడో పైన క్వీన్స్‌లాండ్ నుంచో, డార్విన్ వైపు నుంచో రావాలి. ఇండియన్ షాపులో ధర చీటీ చదివి, చేతిలో నోటు చూసుకుని, ఏం మాట్లాడకుండా కాలీఫ్లవర్ వైపు నడిచాడు. నేను అదే మాట చెప్పి ఉంటే షాపులో గొడవయ్యేది.

పిల్లలు తాము వండింది ఇష్టంగా తింటారని అంటారు. నేను పెద్దగా నమ్మను. గుత్తివంకాయలో కారం శ్రద్ధగా కూరిన మా వాడే వంకాయని పళ్లెం అంచుకి నెట్టేశాడు. అందుకు బదులు నేను అనుకోనిది ఒకటి జరిగింది. పెద్దదాని కాగితంలో కింద "అమ్మకి" అని ఒక గడి వచ్చింది. పదింటికి వచ్చేసరికి వేపుడు మెత్తబడిపోతుంది కాబట్టి, అమ్మ వాటా ముక్కలు వేయించకుండా పక్కన ఉంచాలని అందులో రాసింది. రాత్రి మళ్లీ మూకుడు పెట్టాల్సింది నేనే అనుకోండి.

వచ్చే బుధవారం చిన్నాడి వంతు. కాగితం అప్పుడే ఫ్రిజ్ మీద అంటించాడు: పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, అప్పడం, పెరుగన్నానికి బదులు ఐస్‌క్రీం. ఇది నానమ్మకి చెప్పకూడదని కింద గీత గీసి మరీ రాశాడు.