ముందు సున్నాకి విలువ ఉంది

చిన్నప్పుడు లెక్కల క్లాసులో మనందరం విన్న మాటే. సున్నా కుడి పక్కన చేరితే పదింతలు, ఎడమ పక్కన చేరితే దండగ. 45 అని రాసినా, 045 అని రాసినా ఒకటే. సీ భాషలో ఈ మాట చెల్లదు. అక్కడ అంకె ముందు సున్నా కనిపిస్తే అది ఆక్టల్, అంటే ఎనిమిదుల లెక్క. 045 అంటే నాలుగు ఎనిమిదులు, పైన ఐదు. మొత్తం 37.

ఇది పుస్తకంలో చదివి పరీక్షలో రాసేసే విషయమే. కానీ పోయిన సెమిస్టర్‌లో నా ఫ్రెండ్ ఒకడికి దీనివల్ల మూడు టిక్కీల మిరపకాయల్లో 24 కిలోలు మాయమయ్యాయి. వాళ్ల నాన్నగారు గుంటూరు యార్డుకి కాయలు వేస్తారు. తూకం మొత్తం, డబ్బులు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ రాసి నాన్నకి చూపిద్దామని వాడి సరదా. పాత చీటీ ముందు పెట్టుకుని బరువులు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాడు: 045, 042, 044. కంపైలర్ కిక్కురుమనలేదు. మొత్తం 107 అని వచ్చింది.

ఆయన చీటీ చూసి, నోటి లెక్క వేసి, "నూట ముప్పై ఒకటి కదరా" అన్నారట. క్వింటా 15,000 వేసుకున్నా ఆ తేడా 3,600 రూపాయలు.

వాడు లూప్ వెతికాడు, కూడిక వెతికాడు, ఫంక్షన్లన్నీ తిరగేశాడు. అంకెల వైపు మాత్రం చూడలేదు. ఎవరమైనా అంతే. వేరియబుల్ మారుతుంది కాబట్టి దాన్ని అనుమానిస్తాం. కాన్‌స్టంట్‌ని మన చేత్తో మనమే రాశాం, అది మారదు, ఇక అందులో చూడ్డానికి ఏముంటుంది అనుకుంటాం.

ఇద్దరం కూర్చుని జీడీబీ తెరిచాం. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన డీబగ్గర్ ఇది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి లోపల ఏముందో చూపించడం దీని పని. అయితే వేరియబుల్ పేరు ఇవ్వకుండా ఉత్త అంకె ఇచ్చినా జవాబు చెప్తుంది. ప్రింట్ 045 అని కొట్టాం. 37 అంది. మూడు బరువుల్నీ మీసాల బ్రాకెట్లలో పెట్టి శ్రేణిగా ఇచ్చాం. 37, 34, 36 అంది. మావాడు రెండు నిమిషాలు మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి ఖాళీ దొరికితే జీడీబీకి ఉత్త అంకెలు ఇచ్చి చూడటం నాకు అలవాటైంది. 5ని 2తో భాగిస్తే 2 అంటుంది. అదే 5.0 అని చుక్క పెడితే 2.5 అంటుంది. పెద్దబడి ఏ అక్షరాన్ని ఒంటి కోట్స్‌లో ఇస్తే 65 అంటుంది. సున్నా తర్వాత ఎక్స్ పెట్టి 10 రాస్తే 16. మన గుంటూరు ఎస్టీడీ కోడ్ 0863 ఇస్తే చెల్లని సంఖ్య అని తిప్పికొడుతుంది, ఎందుకంటే ఎనిమిదుల లెక్కలో 8 అనే అంకే లేదు. హైదరాబాద్ కోడ్ 040 ఇస్తే మాత్రం చప్పుడు లేకుండా 32 చేసేస్తుంది. తిప్పికొట్టిన తప్పుతో ఇబ్బంది లేదు, వెంటనే దిద్దుకుంటాం. నవ్వుతూ లోపలికి వచ్చేసిన తప్పే కొంప ముంచుతుంది. మావాడి చీటీలో ఒక్క టిక్కీ 038 ఉన్నా కంపైలరే ఆపేసేది.

ఈ సున్నా ఎక్కడిదని వెతికితే సీ కంటే ముందున్న బీ భాష దగ్గర తేలాను. దాన్ని కెన్ థాంప్సన్ పీడీపీ-7 మెషిన్ మీద రాశాడు. అందులో ఒక్కో వర్డ్ 18 బిట్లు. మూడేసి బిట్లుగా విడగొడితే ఆరు ఆక్టల్ అంకెలు సరిగ్గా సరిపోతాయి. ఆ మెషిన్లు పోయినా సున్నా మిగిలింది. 2008లో వచ్చిన పైథాన్ 3 మాత్రం 045ని అసలు లోపలికి రానివ్వదు. ఆక్టల్ కావాలంటే సున్నా తర్వాత ఓ అనే ఇంగ్లిష్ అక్షరం పెట్టి అడగాల్సిందే.

జీడీబీలో ఇంకో తమాషా ఉంది. మనం ఇచ్చే అంకెల్ని ఏ లెక్కలో చదవాలో ముందే చెప్పొచ్చు. ఒకసారి 16 అని చెప్పాక, మళ్లీ మామూలు లెక్కకి రావాలని 10 అని కొడితే ఏమీ మారదు. పదహారుల లెక్కలో 10 అంటే పదహారే కదా! బయటికి రావాలంటే 10 పక్కన చుక్క పెట్టాలి, లేదా 012 అని ఇవ్వాలి. ఇక్కడ ఆ ముందు సున్నాయే మనల్ని గట్టెక్కిస్తుంది.

నిజానికి ఇది మన ఊళ్లకి కొత్తేం కాదు. మా పెదకాకానిలో ఎవరైనా "ఇవాళ పదిహేను పలికింది" అంటే క్వింటా పదిహేను వేలని అందరికీ తెలుసు. 334, 341 అంటే మిరప రకాలు. వాటి మధ్య తేడా ఏడు అని ఏ రైతూ అనడు, అవి అంకెల వేషంలో ఉన్న పేర్లు. మన ఊరివాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. బయటివాడికి చెప్పాలి. డీబగ్గర్ బయటిది.

మా ఊరి పేరు కూడా ఇచ్చి చూశాను. డబుల్ కోట్స్‌లో పెదకాకాని అని రాసి సైజ్ అడిగితే 28 అంది. మనకి కనిపించేవి ఐదు అక్షరాలు. యూనికోడ్‌కి అవి తొమ్మిది, ఎందుకంటే ఎత్వం, రెండు దీర్ఘాలు, గుడి విడివిడిగా లెక్కకొస్తాయి. ఒక్కోదానికి మూడు బైట్లు, చివర్న ముగింపు గుర్తుకి ఒకటి. పేరు అదే, చదివేవాళ్లని బట్టి ఐదు, తొమ్మిది, ఇరవై ఎనిమిది.

మావాడు మూడు సున్నాలు చెరిపేశాడు, 131 వచ్చింది. వాళ్ల నాన్నగారు ఇప్పటికీ ఆ ప్రోగ్రామ్ ఇచ్చిన మొత్తాన్ని ఒకసారి నోటితో కూడి చూస్తారట. వాడికి అది చిన్నతనంగా ఉంది. నాకైతే డీబగ్గింగ్ అంటే అదే అనిపిస్తుంది. ఎంత బాగా ప్రింటైన అంకె అయినా, నువ్వెంత అని ఇంకోసారి అడగడం.