నార్మల్ అంటే ఎవరి నార్మల్?

చిన్నపిల్లలకి కిడ్నీలో కాన్సరేమిటి అని ఆశ్చర్యపోయేవాళ్ళు చాలామందే ఉంటారు. దాని పేరు విల్మ్స్ ట్యూమర్. 1899లో దాని గురించి పుస్తకం రాసిన జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పేరే పెట్టారు. ఎక్కువగా అయిదేళ్ళలోపు పిల్లలకి వస్తుంది. స్నానం చేయిస్తుంటే అమ్మ చేతికి పొట్టలో గడ్డ తగులుతుంది, చాలా ఇళ్ళలో అలాగే బయటపడుతుంది. మంచి వైద్యం వేళకి అందితే ఇప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. నేను చెప్పబోయేది కాన్సర్ తగ్గాక మిగిలిన అరవై, డెబ్భై ఏళ్ళ గురించి.

సాధారణంగా జబ్బు చేసిన కిడ్నీని తీసేస్తారు. మిగిలినది కాస్త పెద్దదై రెండింటి పనీ నెత్తినేసుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే లోడంతా ఒకే సర్వర్ మీద, బ్యాకప్ లేదు. అయినా చాలామందికి జీవితాంతం నడుస్తుంది. అమెరికాలో వేలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. ఒకవైపే జబ్బు వచ్చి, జన్యు సమస్యలు లేనివాళ్ళలో ఇరవై ఏళ్ళకి కిడ్నీ పూర్తిగా పోయినవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. రెండువైపులా వచ్చినవాళ్ళలో నూటికి పన్నెండుమంది దాకా ఉన్నారు. అయితే పూర్తిగా పోవడానికి చాలా ముందే బీపీ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలవుతాయి. ఇవి నొప్పి పెట్టవు, వెతికితేనే దొరుకుతాయి.

ఇదంతా నాకెందుకు తెలిసిందంటే, దోమలగూడలో మా అపార్ట్‌మెంట్‌లో ఒక పాప ఉంది. మూడేళ్ళప్పుడు ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఏడో క్లాసు. (వాళ్ళని అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.) ఇంటర్నెట్‌లో వెతకడం తెలిసినవాణ్ణని వాళ్ళ నాన్న ల్యాబ్ రిపోర్ట్ చూపించాడు. క్రియాటినిన్ 0.9. పక్కనే అచ్చేసిన రేంజి 0.6 నుంచి 1.2. అంటే నార్మల్!

కానీ ఆ రేంజి పెద్దవాళ్ళది. క్రియాటినిన్ కండల్లోంచి వస్తుంది, కండ తక్కువున్న పిల్లల్లో అది తక్కువే ఉండాలి. పిల్లలకి ష్వార్ట్జ్ లెక్క అని ఒకటుంది: ఎత్తుని సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో హెచ్చవేసి, క్రియాటినిన్‌తో భాగించాలి. పాప ఎత్తు 140. వచ్చింది 64. తొంభై పైన ఉంటే నిశ్చింత. నేను డాక్టర్ని కాను కాబట్టి పిల్లల కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. ఆయన మళ్ళీ పరీక్షలు చేయించి, బీపీ కూడా ఎక్కువుందని మాత్ర మొదలుపెట్టారు.

అసలు చిక్కు ఇంకొకటి. పొట్టమీద మచ్చేమిటని పాప అడిగితే "చిన్నప్పుడు పడ్డవు" అని చెప్పారట. "ఆడపిల్ల గద అన్నా, రేపు పెండ్లి చెయ్యాలె. నలుగురికి తెలిస్తే ఎట్ల?" అన్నాడు వాళ్ళ నాన్న. ఆయన భయం నాకర్థమైంది. మన సంబంధాల సంగతి మనకి తెలియనిదా! కానీ రేపు ఆ పిల్ల హాస్టల్‌లో ఉండి, నడుం నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాకో, ఇబుప్రోఫెనో అడిగితే వద్దనేదెవరు? పెళ్ళి కోసం దాచిన సంగతే కాన్పు చేసే డాక్టరుకి అందరికంటే ముందు తెలియాలి. గర్భంతో ఉన్నప్పుడు బీపీని కనిపెట్టి చూడాల్సింది ఇలాంటివాళ్ళకే.

మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే ఈ మాట చెప్పండి. ఏడాదికోసారైనా చెయ్యి సైజుకి సరిపోయే పట్టీతో బీపీ, మూత్రంలో ప్రొటీన్, ఎత్తుతో కలిపి క్రియాటినిన్ చూపించాలి. డిశ్చార్జి కాగితం పారెయ్యకూడదు. ఏ వైపు కిడ్నీ తీశారు, ఏ మందులిచ్చారు, రేడియేషన్ ఇచ్చారా అన్నవి అందులోనే ఉంటాయి. పిల్లలకి ఊహ తెలిశాక, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో, ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పాలి. ఆ కిడ్నీతో బతకాల్సింది వాళ్ళు కదా.